ప్యో పెద్దాయన దుర్బోధ వేట

మనకు అన్నం మాడితే వాసన తెలిసినట్టు, ప్యో దొక్‌హ్వాన్ పెద్దాయనకు ప్రసంగంలో దుర్బోధ వాసన తెలిసేది. తెలియగానే ముక్కు పైకెత్తి, "ఎక్కడ రాసుంది?" అనేవాడు. ఎదుట పాస్టరున్నా, పోలీసున్నా, సొంత పెళ్ళామున్నా అదే ప్రశ్న.

కొరియా దక్షిణ తీరాన మోక్‌పో ఊళ్ళో రేవు సంఘానికి నేను పాస్టరుగా వెళ్ళిన మొదటి ఆదివారమే ఆ ప్రశ్న నా నెత్తిన పడింది. తప్పిపోయిన గొర్రె గురించి చెబుతూ, ఊపులో "తెల్లటి గొర్రెపిల్ల" అన్నాను. మూడో వరసలోంచి చెయ్యి లేచింది.

"తెల్లదని ఎక్కడ రాసుంది, పాస్టరు గారూ?"

"రాయలేదండీ."

"అయితే గొర్రె అనండి చాలు. రంగు మనకెందుకు?"

గాయకబృందం పాటల పుస్తకాల వెనక దాక్కుని నవ్వింది. ఆ తర్వాత పదకొండేళ్ళలో నేను ఏ జంతువుకూ రంగు వెయ్యలేదు.

ఆయన ముప్ఫయ్యేళ్ళు మత్స్యకారుల సహకార సంఘంలో తినడానికి అమ్మే ఎండు సముద్రపు నాచు రేకులు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఒక్కో రేకూ వెలుతురుకి ఎత్తి, చిల్లు కనిపిస్తే పక్కన పడెయ్యడమే పని. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ చూపు పోలేదు. ఇంట్లో ఆయన భార్య తక్ సున్‌రే అమ్మ, "ఉప్పు తగ్గించవయ్యా" అంటే, "ఎక్కడ రాసుంది?" అనేవాడు. "డాక్టరు చీటీలో! కళ్ళజోడు పెట్టుకుని చదువుకో!" అనేదావిడ. ఆయన నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని చదివేవాడు. చదివాక మాత్రం బుద్ధిగా తినేవాడు. అదొక్కటే ఆవిడకు ఊరట.

ఒక క్రిస్మసుకి పిల్లలు నాటకం వేస్తున్నారు. ముగ్గురు జ్ఞానులు అట్టకిరీటాలు పెట్టుకుని వేదిక ఎక్కారో లేదో, "ముగ్గురని ఎక్కడ రాసుంది?" అని వినబడింది. వెతికితే ఎక్కడా లేదు! కానుకలు మూడని ఉంది గానీ మనుషులెందరో లేదు. మరుసటి ఏడు టీచరమ్మ పంతం పట్టి పదకొండుమంది జ్ఞానుల్ని ఎక్కించింది. వేదిక మీద పశువులకు చోటు లేకుండా పోయింది. పదకొండుమంది తల్లులూ ఫొటోలు తీసుకుని మురిసిపోయారు. పెద్దాయన కూడా తప్పు పట్టలేకపోయాడు.

గుడి తలుపు దగ్గర కొత్తవాళ్ళను పరీక్షించే పని కూడా ఆయనే మీదేసుకున్నాడు. మా దేశంలో దొంగబోధల గుంపులు మామూలు విశ్వాసుల్లా సంఘాల్లోకి దూరి మనుషుల్ని ఎత్తుకుపోతుంటాయి. ఆ భయం ఉత్తదేం కాదు. ఒకరోజు ఒక కొత్తజంట వచ్చింది. పెద్దాయన అడ్డం నిలబడ్డాడు.

"ఎవరు పంపారు? ఎవరి దగ్గర పాఠాలు విన్నారు? ఎన్ని పాఠాలయ్యాయి?"

"తాతయ్యా, బాత్‌రూమ్ ఎటో చెప్తారా? మాకు అంతకన్నా ఏం వద్దు," అందా అమ్మాయి కాళ్ళు మెలిపెట్టుకుంటూ.

ఇక మా ఎదుటి సంఘం మాట. సందుకి ఇటు మేము, రేవు సంఘం. సందుకి అటు వాళ్ళు, అసలు రేవు సంఘం. పంతొమ్మిదేళ్ళ క్రితం దాకా రెండూ ఒక్కటే. ఎందుకు విడిపోయారని ఆరుగురిని అడిగితే ఆరు కారణాలు చెబుతారు. అన్నిట్లోనూ తప్పు అవతలివాళ్ళదే. పెద్దాయన మా కిటికీ తెరుచుకుని వాళ్ళ ప్రసంగం కూడా తనిఖీ చేసేవాడు. వాళ్ళ పాస్టరు సొక్ గారు పాపం, నడివేసవిలో కూడా కిటికీలు మూయించి చెమటలు కార్చుకుంటూ వాక్యం చెప్పేవాడు.

అలాంటి మనిషి మీద ఒక వసంతంలో పిడుగులాంటి వార్త వచ్చింది. గాయకబృందంలో పాడే ర్యూ గారు ఆయాసపడుతూ వచ్చింది.

"పాస్టరు గారూ! ప్యో పెద్దాయన ఆ చికెన్ కొట్టు మేడమీదికి ఎక్కుతున్నాడు!"

చికెన్ కొట్టు మేడమీద 'మనశ్శాంతి సలహా కేంద్రం' అని బోర్డుంటుంది. లోపల జరిగేది ఓ దొంగబోధ గుంపు రహస్య పాఠాలు. ఇంట్లో చెప్పొద్దు, సంఘంలో చెప్పొద్దు అంటూ మొదలుపెట్టి, చివరికి ఇంటి నుంచీ సంఘం నుంచీ విడదీస్తారు.

"చూసింది ఆయన్నేనా?"

"చేతిలో తియ్యరొట్టెల డబ్బా కూడా ఉందండీ. వారానికి రెండుసార్లట!"

సంఘం అట్టుడికిపోయింది. నలభై ఏళ్ళు దుర్బోధను వేటాడినవాణ్ణి దుర్బోధే మింగేసిందన్నారు. తేల్చుకు రమ్మని పెద్దలు నన్ను పంపారు. వెళ్ళేసరికి ఆయన వాకిట్లో భార్యతో కలిసి వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"పెద్దాయనా, మీరు అక్కడికి వెళ్తున్నారా?"

"వెళ్తున్నా. మంగళవారం, గురువారం."

దాపరికం లేదు, తడబాటు లేదు.

"ఎందుకండీ?"

"మేంగ్ అక్క వెళ్తోందిగా."

మేంగ్ ఒక్‌బున్ అమ్మ అసలు రేవు సంఘం మనిషి. డెబ్భై ఆరేళ్ళు. కిందటి శీతాకాలంలో భర్త పోయాడు. సంఘం చీలకముందు ప్యో దంపతుల పక్క సీటు ఆవిడదే.

"వెళ్ళొద్దని చెప్పకపోయారా?"

"చెప్పా. తలుపేసుకుంది. వాళ్ళ సంఘంవాళ్ళూ చెప్పారు. వాళ్ళకీ తలుపేసింది. ఇంకేం చేస్తాం? చెప్పులేసుకుని వెనకాలే వెళ్ళా. ఆవిడ మోకాళ్ళతో ఆ మెట్లు ఎక్కలేదు పాస్టరు గారూ, చెయ్యి పట్టుకోవాలి."

"అక్కడ మీరేం చేస్తారు?"

"వింటా. అర్థం కానిది అడుగుతా."

"ఏమడుగుతాడో మీకు తెలుసుగా," అంది సున్‌రే అమ్మ, తల ఎత్తకుండానే.

పెద్దాయన చేతిలో వెల్లుల్లిపాయ కింద పెట్టాడు. "వాళ్ళు చెప్పేది తప్పు. నూటికి నూరుపాళ్ళు తప్పు. కానీ వాళ్ళాయన పోయాక ఆవిడ ఇంటికెళ్ళి, కూర్చుని, ఆవిడ మాట విన్నది వాళ్ళే. ఆవిడ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఒక్కసారీ వెళ్ళలేదు నేను. అవతలి సంఘం కదా అనుకున్నా." మళ్ళీ వెల్లుల్లిపాయ అందుకుంటూ, "అది మాత్రం నా ముక్కుకి తెలియలేదండీ," అన్నాడు.

నేనూ వెళ్ళలేదు. ఆవిడ ఇల్లు మా ఇంటికి ఆరిళ్ళ అవతల. కూర్చుని వెల్లుల్లి ఒలిచాను.

మేడమీద సంగతి తర్వాత తెలిసింది. అక్కడి బోధకుడు టై కట్టుకున్న మర్యాదస్తుడైన కుర్రాడు. రెండు నెలల్లో పదహారు పాఠాలు అయిపోవాలి. పెద్దాయన పుణ్యమా అని రెండో పాఠం దాటలేదు. వాక్యానికో "ఎక్కడ రాసుంది?" పడేది. ఆ అబ్బాయి పేజీలు తిప్పీ తిప్పీ విసిగిపోయి, చివరికి చేతులు జోడించాడు.

"తాతయ్యా, మీరు రేపట్నుంచి రావద్దు."

మేంగ్ అమ్మ సంచీ తీసుకుని లేచింది. "మా తమ్ముడు రాకపోతే నన్ను మెట్లెవరు దింపుతారయ్యా? అయినా రెండు నెలలుగా అడుగుతున్నాడు, ఒక్కదానికీ జవాబు లేదు. తెలియకపోతే తెలియదనాలి గానీ, ముసలాణ్ణి గెంటేస్తారా? పద తమ్ముడూ!"

అలా దిగి వచ్చేసింది.

దిగాక అసలు చిక్కు మొదలైంది. ఆ గుంపు నుంచి తిరిగొచ్చినవాళ్ళంటే సంఘాలకు భయం. గూఢచారులేమోనని అనుమానం. ఆదివారం ఆవిడ తన సంఘం గుమ్మంలో నిలబడితే సొక్ పాస్టరు లోపలికి రమ్మనలేక, పొమ్మనలేక నలిగిపోతున్నాడు. కిటికీలోంచి అది చూసి, మా మూడో వరసలోంచి పెద్దాయన లేచాడు. నా ప్రసంగం మధ్యలో! గొర్రె రంగు గురించేమో అనుకున్నా. తిన్నగా బయటికి నడిచి, పంతొమ్మిదేళ్ళ తర్వాత సందు దాటాడు.

"అక్క పక్కన నేను కూర్చుంటా. ఆవిడకి పూచీ నాది. చాలా, పాస్టరు గారూ?"

సొక్ గారికి ఆవిడ మీద భయం ఎగిరిపోయి, ఆ ముక్కు మీద భయం పట్టుకుంది. అయినా వాక్యం చెప్పాడు. పెద్దాయన మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. అక్కకి కళ్ళు సరిగా ఆనవు. పేజీలు వెతికి వేలు పెట్టి చూపించడంలో ఆయనకు వినే తీరికే దొరకలేదట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవైంది. "మా పెద్దాయన, మా దగ్గరే తింటాడు," అని మా ఆడవాళ్ళు. "మా గుడికొచ్చిన మనిషి తినకుండా ఎలా పోతాడు?" అని వాళ్ళ ఆడవాళ్ళు. ఆయన సందు మధ్యలో, రెండు చేతులూ చెరోవైపు లాగుతుంటే నిలబడ్డాడు.

"పులుసులో సేమ్యా ఉబ్బిపోతోంది!" అని మేంగ్ అమ్మ కసిరింది. "సందులో బల్ల వెయ్యండి. రెండు వైపులవీ తింటాడు. నేనూ తింటా."

బల్ల వేశారు. ఒకటి చాలక ఏడు వేశారు. మా పులుసు వాళ్ళు తిన్నారు, వాళ్ళు ఊరేసిన క్యాబేజీ పచ్చడి, కిమ్చీ, మేము తిన్నాం. వాళ్ళ కిమ్చీయే బాగుందని ఒప్పుకోవడానికి మా ఆడవాళ్ళకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

తిన్నాక అందరం కలిసి గిన్నెలు కడిగాం. రెండు సంఘాల గిన్నెలూ ఒకే కొట్లో కొన్న తెల్లగిన్నెలు. ఏవి ఎవరివో ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎవరో ఒకరు, "మా గిన్నె మీ దగ్గరుండిపోయింది," అంటూ సందు దాటుతారు. వెళ్ళినవాళ్ళు అరగంట దాకా తిరిగి రారు. ఆ గిన్నెల చిక్కు ఎన్నటికీ తేలకూడదని నేను ప్రార్థన చేస్తుంటాను. సొక్ గారు కూడా చేస్తున్నాడట.