సేరు నిండా మాటలు

కొత్త చింతపండు వాసన తగిలితే ఎవరికైనా నోట్లో నీళ్లూరుతాయి. నాకు మాత్రం నోరు మూసుకోవాలనిపిస్తుంది. ఈ ఆదివారం విజయనగరంలోని మా వంటింట్లో పళ్లెం ముందేసుకుని చింతపండులో పిక్కలు తీస్తుంటే, హాల్లో మా అబ్బాయి, వాడి స్నేహితులు పలకలు పలకలుగా ఉన్న రంగురంగుల పాచికలు దొర్లిస్తున్నారు. ఆ ఆటలో ఒక్కొక్కరూ ఒక్కో మాయావీరుడు. ఎవరికి ఏ శక్తి ఉంటుందో పుస్తకంలో రాసే ఉంటుంది గానీ అవి వీళ్లకు ఆనవు. సొంతంగా కొత్త శక్తులు కల్పించుకుంటారు, కల్పించుకున్నాక వాటి మీద కొట్లాడుకుంటారు. "అది మరీ ఎక్కువరా, నిన్నింకెవడు ఓడిస్తాడు?" అని ఒకడు అరుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తగువు నేను చిన్నప్పుడే విన్నాను, సముద్రం ఒడ్డున ఇసకలో కూర్చుని.

మాది శ్రీకాకుళం వైపు సముద్రం పక్కన చేపలు పట్టేవాళ్ల ఊరు. దసరా సెలవులొస్తే మా ఇంట్లో ఎండు నెత్తళ్ల చేపల వాసనను బెల్లం పాకం వాసన దాటిపోయేది. మా నాన్న తల్లిని మామ్మ అనేవాళ్లం. ఆవిడ ఒక చేత్తో పొంగడాలు వేస్తూ, రెండో చేత్తో కర్ర ఊపుతూ, చాప మీద ఆరబోసిన నెత్తళ్ల మీద వాలే కాకుల్ని వాటి తాతముత్తాతలతో సహా తిట్టిపోసేది. అమ్మ అంబలి కుండలో తెడ్డు తిప్పుతుండేది. నాన్న అరుగు మీద కూర్చుని, వలను కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, చిరిగిన కంతలు ఒక్కొక్కటే కుట్టుకుంటూ ఏదో కూనిరాగం తీసేవాడు. పొద్దు వాలేసరికి సరుగుడు తోట గాలికి ఊగి హోరుమనేది. ఆ హోరు ఎక్కడ ఆగిందో, సముద్రం హోరు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

ఆ సెలవులకే కొత్తవలస నుంచి మా మేనత్త కొడుకు పైడిరాజు బావ వచ్చేవాడు. వాళ్ల నాన్నది రైల్వేలో ఉద్యోగం. కిరండూల్ లైను మీద వచ్చే ఇనప రాయి గూడ్సుబళ్లను చూస్తూ పెరిగినవాడు కాబట్టి, మా దగ్గర మహా పెద్దమనిషిలా ఉండేవాడు. ఒక ఏడాది వాళ్ల రైల్వే క్వార్టర్సులో ఎవరో పిల్లాడి దగ్గర నేర్చుకున్న ఆటను మోసుకొచ్చాడు. పుస్తకం లేదు, పాచికలు లేవు. గవ్వలు వేశాం. సరుగుడు పుల్లతో ఇసకలో మా వీరుల బొమ్మలు గీసుకున్నాం. తోట రాక్షసుల అడవి అయింది, పీతల బొరియలు పాతాళానికి దారులయ్యాయి, దూరాన తెల్లగా మెరిసే ఉప్పుకుప్పలు ఎవరూ ఎక్కలేని మంచుకొండలయ్యాయి. బావ కథ చెప్పుకుంటూ పోయేవాడు, మేం అందులో నడుచుకుంటూ పోయేవాళ్లం.

శక్తులు ఎవరివి వాళ్లే కల్పించుకోవాలి. కానీ ఖరీదు బావ పెడతాడు. పక్కింటి ఎల్లాజీ ముందుగా ఎగబడ్డాడు.

"నన్నెవుడు కొట్టినా నాను సావకూడదు, అంతే."

"అలాగైతే ఇంక ఆటెందుకురా? ఏ శక్తి ఇచ్చినా బదులుగా ఒకటి తీసేసుకోవాలి, లేకపోతే చప్పగా ఉంటుంది" అన్నాడు బావ. బేరాలాడి బేరాలాడి చివరికి ఎల్లాజీకి నీళ్ల మీద నడిచే శక్తి ఇచ్చాడు. ఖరీదుగా, నేల మీద కుంటుతూ నడవాలి. ఇంటికి వెళ్లేటప్పుడు కూడా ఎల్లాజీ నిజాయితీగా కుంటుకుంటూనే వెళ్లాడు. మామ్మ కూడా పొంగడాల పళ్లెం పట్టుకొచ్చి, "నాకు కాకులు మాటినే శక్తి పెట్టరా" అంది. బావ ఆలోచించి, "అయితే పిల్లులు మాట వినవు అమ్మమ్మా" అన్నాడు. "వొద్దులే నాయినా, ఈ కాకులే నయం" అని వెళ్లిపోయింది.

నా వంతు వచ్చింది. సముద్రంలో ఎంత దూరాన ఉన్నదైనా నేను పిలిస్తే ఒడ్డుకు రావాలి, అదీ నా శక్తి. పేరేంటని బావ అడిగితే "సేరు" అన్నాను. ఒడ్డుకు చేరు, ఇంటికి చేరు అని నా భావం. చేపను సేప అనే నోరు చేరును ఇంకెలా అంటుంది? బడిలో చకారం బాగా దిద్దుకున్న బావ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సేరేంటే? మీ అమ్మ బియ్యం కొలిచేదా?"

నాకు ఉడుకుమోత్తనం వచ్చి ఇసక చల్లాను. బావ కళ్లు నులుముకుంటూనే తీర్పు చెప్పేశాడు. "సరే, సేరే ఉంచుకో. దాని ఖరీదూ సేరే. సేరు నిండా మాటలిచ్చెయ్యాలి." మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా దాన్ని మింగేసి, సేరులో ఒక చింతపిక్క వెయ్యాలట. సేరు నిండితే పిలిచినది వస్తుందట. ఎల్లాజీ చప్పట్లు కొట్టాడు, ఎందుకంటే నేను ఊళ్లో పేరుమోసిన వసపిట్టను.

ఆ సెలవుల్లోనే గాలి తిరిగింది. ఆకాశం మాసిన దుప్పటిలా కిందికి దిగింది. వేటకు వెళ్లిన పడవలు పడుతూ లేస్తూ ఒక్కొక్కటే ఒడ్డుకు వచ్చాయి, నాన్న వెళ్లిన పడవ రాలేదు. తెల్లారి గాలి తగ్గింది, అయినా రాలేదు. పడవల్లోకి సెల్‌ఫోన్లు రాని రోజులవి. అమ్మ ఒడ్డునే కూర్చుండిపోయింది. నేను ఇంట్లోకి వెళ్లి, అడుగు సొట్టపోయిన రేకు సేరు, ఓమనగుంటలు ఆడుకునే చింతపిక్కల మూట తెచ్చుకుని, అమ్మ పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను.

"అంబలి తాగవేటే?" అని అమ్మ అంటే ఒక పిక్క. "ఒసే గౌరీ, గాలి గాని సోకినాదేటే నీకు?" అని మామ్మ ఉప్పు దిగదుడిస్తే ఒక పిక్క. నాన్న ఎప్పుడొస్తాడని అడగాలనిపించిన ప్రతిసారీ ఒక పిక్క. సేరు సగం ఆ ఒక్క ప్రశ్నతోనే నిండింది. అది ఆటేనని నాకు తెలుసు. తెలిసినా, నోరు విప్పితే నాన్న రాడేమోనని పెదాలు బిగించి పట్టుకునేదాన్ని.

సంగతి మొదట పసిగట్టినవాడు బావే. ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సూడు గౌరీ, ఖరీదు తగ్గించేత్తన్నాను. సోలడు సాలు."

ఎన్నడూ చకారం తప్పని బావ అలా మాట్లాడితే నాకు ఏడుపొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాను. ఖరీదు తగ్గిస్తే శక్తి పనిచేయదని నేర్పింది తనే కదా. బావ ఒక పిక్క తీసి సేరులో వేశాడు. ఇక తనూ మాట్లాడలేదు. "ఏటైనాది మీకు?" అంటూ వచ్చిన ఎల్లాజీ మా ముఖాలు చూసి చతికిలబడి తనూ ఒక పిక్క వేశాడు. చివరికి మామ్మ వచ్చింది. ఏ ఆటో, ఏమిటో అడగలేదు. వెనకాల చాప మీద కాకులు నెత్తళ్లు ఎత్తుకుపోతున్నా పల్లెత్తు మాట అనకుండా మా మధ్య కూర్చుంది.

అలా మేమంతా సముద్రాన్ని చూస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏటి, అందరూ సముద్రం కేసి సూత్తన్నారు?"

నాన్న! గాలి వాళ్ల పడవను ఒడిశా ఒడ్డుకు నెట్టేస్తే, అక్కడివాళ్లు చద్దన్నం పెట్టి లారీ ఎక్కించారట. నరసన్నపేటలో దిగి, ఆటో కొంత, నడక కొంతగా ఊళ్లోకి వచ్చాడు. నేను "అయ్యా!" అని అరుచుకుంటూ పరుగెత్తాను. సేరు నా కాలికే తగిలి పిక్కలన్నీ ఇసకలో ఒలికిపోయాయి. అది నిండిందో లేదో ఎవరం చూడలేదు.

ఆ ఇసక ఇప్పుడు లేదు, సముద్రం కోసేసింది. సరుగుడు తోటా పోయింది. మామ్మ పోయింది, చాన్నాళ్లకు నాన్నా పోయాడు, ఇంట్లో తన మంచం మీదే. బావ ఇప్పుడు ఆ కిరండూల్ లైను మీదే గూడ్సుబండి నడుపుతున్నాడు. నేను బడిలో పంతులమ్మనై, సేప అన్న పిల్లల చేత చేప అనిపిస్తున్నాను. ఆ రేకు సేరును ఎవరు ఏ పాత సామాన్లవాడికి వేశారో తెలియదు.

"అమ్మా, నీకూ ఒక శక్తి పెడతాం, చెప్పు" అని మా అబ్బాయి హాల్లోంచి కేకేశాడు. దూరాన ఉన్నవాళ్లు నేను పిలిస్తే రావాలి అన్నాను. పిల్లలు గుసగుసలాడుకున్నారు.

"అది చాలా పెద్దదమ్మా. దానికి ఖరీదేం పెట్టమంటావు?"

"సేరు నిండా మాటలు."

"సేరంటే?"

వాడు అడిగింది కొలత గురించే. నా చేతిలో చింతపిక్క ఉంది.

"ఇంటికి చేరడంరా" అన్నాను.