గంజి లేని వేష్టి

చేసిన తప్పు చెప్పుకుంటే పోతుందంటారు. నా తప్పు ఒకసారి పోయి, చల్లారాక మళ్ళీ వచ్చింది. ఒకే రోజున ఏడో తరగతి పిల్లల ముందూ, పిల్లనిచ్చిన మామ ముందూ నా పరువు ఎలా మంట గలిసిందో చెబుతాను, వినండి. నవ్వుకున్నా ఏమీ అనుకోను.

అప్పుడు తిరువళ్ళూరు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పాఠం అరవంలో, పేచీలు తెలుగులో. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి, రెండింటి పొగరూ ఉండేది. "ఊరికే మాట చెప్తే సైన్సు కాదు. సాక్ష్యం చూపాలి. ఆ సాక్ష్యం మీ మాటను ఎట్లా నిలబెడుతుందో కారణం రాయాలి. ఒక్కసారి చూసి నమ్మొద్దు, మూడుసార్లు చూడండి" అని రోజూ ఊదరగొట్టేవాణ్ణి.

ఆ సాయంత్రం తిరుత్తణిలో మరదలి నిశ్చితార్థం. మామ తన చేత్తో నేసిన వేష్టి, అదే పంచె, పంపించి, "ఇది కట్టుకునే రావల్ల అల్లుడా. మగపెళ్ళోళ్ళు నా పనితనం చూడల్ల" అని ఫోను చేశాడు. బడి నుంచి నేరుగా రైలెక్కాలి కనుక పొద్దున్నే కట్టుకుని వెళ్ళాను. కొత్త గుడ్డ, అట్టలాగా నిలబడింది.

ఆఖరి పీరియడు. అయోడిన్ చుక్క వేస్తే పిండి ఉన్నది నల్లనీలంగా మారుతుందని పాఠం. బంగాళదుంప మారింది, ఇడ్లీ మారింది, దోసకాయ మారలేదు. అంతలో యామిని లేచింది. నేతగాళ్ళ ఇంటి పిల్ల.

"సార్, మీ వేష్టిలో కూడా గంజి ఉండాది."

"లేదమ్మా. ఆ బిర్రు మా మామ నేతలోనే ఉంది."

"పడుగుకు గంజి పెట్టకుంటే దారం తెగిపోతాది సార్. మా ఇంట్లో దినామూ చూస్తాండాను."

మా ఇంట్లో మగ్గం మా నాన్న కాలానికే పోయింది. పడుగేదో పేకేదో నాకు తెలియదు. ఆ మాటే ఒప్పుకుని ఉంటే ఈ కథే లేదు. "సాక్ష్యం చూపిస్తా, ఉండు" అని ముందు అంచు పక్కనే చుక్క వేశాను.

రేగుపండంత మచ్చ నల్లగా విచ్చుకుంది.

"రాసుకోమంటారా సార్?" అంది యామిని, ఎంతో వినయంగా.

గంట కొట్టగానే ఎదుటి టీ కొట్టుకు పరుగెత్తి, అంచును వేడినీళ్ళలో ముంచాను. మచ్చ మాయం! వెంట వచ్చిన పిల్లలతో, "చూశారా! వేడికి అయోడిన్ పోతుంది. ఇదే సాక్ష్యం!" అన్నాను.

"ఒగసారే గదా సార్ చూసింది? చల్లారినాక చూడండి!"

"రైలుకు టైమైందమ్మా."

"చల్లారినాక సార్!" అని వెనక నుంచి మళ్ళీ అరిచింది. ఎదుటివాడికి చెప్పేటందుకే కదా సాక్ష్యాలు! తడి కనపడకుండా అంచును లోపలి మడతలో దోపి రైలెక్కాను.

తిరుత్తణిలో మామ నన్ను మగపెళ్ళివారి ముందుకు లాక్కెళ్ళాడు. "మా పెద్దల్లుడు. ఈ వేష్టి నేను నేసిందే. అంచు చూడండి" అంటూ మడత విప్పాడు. గుడ్డ చల్లారగానే మచ్చ తిరిగొచ్చింది కాబోలు, అక్కడే ఉంది, పొద్దున పుట్టిన పాపాయిలా తాజాగా.

"ఇదేంది అల్లుడా?" అన్నాడు మామ. ఆయన పేరు నేనే చెడగొట్టానని సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

"గంజి లేని నేత యాడుండాది? నన్ను అడిగుంటే చెప్పనా?"

అప్పుడు పెళ్ళికొడుకు తాత, ఆయనా నేతగాడే, కళ్ళజోడు తీసి మచ్చ మీదికి వంగాడు. "గంజి లోపముంటే ఈ నలుపులో తెల్లగీతలు కనపడాల గదా. ఒగటీ లేదు. ఎంత సమంగా పట్టించినావయ్యా! ఈ ఇంటి పిల్లే మాకు కావల్ల."

మామ మీసం లేచింది. నా మచ్చే ఆయన పనితనానికి సాక్ష్యమైంది.

మర్నాడు యామిని అడిగితే దాచకుండా చెప్పాను. తన నోటుపుస్తకంలో ఇలా రాసింది: "మాట: సార్ మన మాట వినరు. సాక్ష్యం: చల్లారినాక చూడమని రెండుసార్లు అరిచినాను. కారణం: రైలు." పదికి పది వేశాను. వేయక ఏం చేస్తాను?

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: మామను అడగకుండా గుడ్డ గురించీ, యామినిని అడగకుండా సైన్సు గురించీ ఇక నోరు విప్పను. మచ్చంటారా, ఉతుకులో పోయింది. చల్లారాకే, మూడుసార్లు చూసి చెబుతున్నాను.