మేక తుమ్మిన నీళ్లు

పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. పేకాటలో పోగొట్టుకున్నవాళ్లు, ఎన్నికల్లో పోగొట్టుకున్నవాళ్లు, పెళ్లి విందులో మూడోసారి నల్లి బొక్క అడిగి పోగొట్టుకున్నవాళ్లు. నేను మాత్రం ఒక మేక ముందు పోగొట్టుకున్నాను. అదీ సర్పంచ్ సమక్షంలో, పది పన్నెండు మంది సాక్షుల మధ్య, పట్టపగలు. ఎవరో కుట్ర చేశారని చెప్పుకుందామంటే ఆ వీలు కూడా లేదు. గొయ్యి నేనే తవ్వాను, నేనే దూకాను, దూకే ముందు తల కూడా దువ్వుకున్నాను. ఆ వైనం చెబుతాను, నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా జాలి పుడితే మింగేయండి. ఆ రోజుల్లో నా మీద నేను పడ్డ జాలే ఇంకా కొంత మిగిలి ఉంది.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్లయింది. నేను నల్గొండలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఊరికే కూర్చోలేక ఫోన్లో వీడియోలు చూసి, సీమపందులు పెంచితే రాజులా బతకొచ్చని తెలుసుకున్నాను. వీడియోలో ఆయన తెల్ల చొక్కా వేసుకుని, పంది పక్కన నిలబడి నవ్వాడు. ఆ చొక్కా మీద ఒక్క మరక లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

నల్గొండ చుట్టుపక్కల పందులకు జాగా అంటే ఎవరూ ఇవ్వలేదు. వెతగ్గా వెతగ్గా కోస్గి దగ్గర ఒక ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, గుట్ట పక్కన, రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని జాగా కిరాయికి దొరికింది. ఒక షెడ్డు, ఒక గది, ముప్పై పందులు, నేను.

వీడియోలో చెప్పనిది ఒకటుంది. పందులు వస్తే మనుషులు పోతారు. బస్సెక్కితే నా పక్క సీటు కోస్గి దాకా ఖాళీ. జనం నిలబడైనా వస్తారు కానీ అక్కడ కూర్చోరు. మంగలి ఊపిరి బిగబట్టి కటింగ్ మొదలుపెట్టి, ఆ ఊపిరి వదిలేలోపే ముగించేవాడు. అంత వేగంగా క్షవరమైన తల జిల్లా మొత్తంలో నాదొక్కటే. మాట్లాడ్డానికి ఎవరూ లేక ఫోన్ కంపెనీ నంబరుకు చేసి, "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనే అమ్మాయి గొంతు చివరిదాకా వినేవాణ్ణి. ఒకటి నొక్కేవాణ్ణి కాదు. నొక్కితే ఆమె వెళ్లిపోతుంది కదా.

నాలుగు నెలలు అలా గడిచాక ఒక పొద్దున కేక వినిపించింది.

"ఓ పందులాయనా! బయటికి రా!"

నన్ను ఒక మనిషి పిలిచింది! ఎగిరి గంతేసినంత పనిచేసి బయటికొచ్చాను. చేతిలో కర్ర, నెత్తిన కొంగు, వెనక ఇరవై మేకలు. ఆమె పేరు జంగమ్మ. ఊళ్లో మనిషే, గుట్ట కింద మేకలు మేపుతుంది.

"ఏంది పెద్దమ్మా?"

"ఏందంటవా? ఒర్రెల నీళ్లు సూసినవా? నీ పందుల్ని కడిగిన నీళ్లన్నీ అండ్లకే వస్తున్నయ్. నా మ్యాకలు మూతి పెడ్తలేవు. బర్రె అయితే బురదల పంటది. మ్యాక గట్ల కాదు. మ్యాక ముట్టని నీళ్లు మనిషి తొక్కొద్దు!"

ఒర్రె అంటే చిన్న వాగు. షెడ్డు కడిగిన నీళ్లు వాలులో జారి అందులోనే కలిసేవి. ఆ సంగతి నేనెప్పుడూ దిగి చూడలేదు.

"చూస్తా పెద్దమ్మా. జర కూసో, చాయ్ తాగు."

"నీ చాయ్ నువ్వే తాగు. ఏ నీళ్లతోటి పెట్టినవో ఏమో!"

నిలబడే గంటసేపు తిట్టింది. నన్ను, పందుల్ని, జాగా ఇచ్చిన ఆసామిని, సెల్‌ఫోన్ కనిపెట్టినవాణ్ణి. నేను చేతులు కట్టుకుని విన్నాను. పాఠకులారా, నిజం చెబుతున్నాను, ఆ నాలుగు నెలల్లో నాకు అంత హాయైన గంట ఇంకోటి లేదు. ఆమె వెళ్లిపోతుంటే "రేపు కూడా వస్తవా?" అని నోటిదాకా వచ్చింది.

వచ్చింది. రోజూ వచ్చింది.

తిట్లు ఎంత కమ్మగా ఉన్నా నీళ్ల సంగతి చూడకపోతే బాగుండదని మళ్లీ వీడియోల మీద పడ్డాను. తక్కువ ఖర్చుతో ఫిల్టర్ చేసుకోవడమెలాగో ఒకాయన చెప్పాడు. మూడు నీలం డ్రమ్ములు తెచ్చి మెట్లుమెట్లుగా పెట్టి, ఒర్రెలోంచి ఎర్ర ఇసుక తవ్వి నింపి, షెడ్డు నీళ్లు వదిలాను. నల్లగా వెళ్లిన నీళ్లు ఎర్రగా వచ్చాయి.

జంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇసుక కడిగినవా?"

"ఇసుకను కూడా కడగాల్నా?"

"కడగకుంట పోసుడేందిరా? పందుల నీళ్లకు మన్ను కలిపి పంపిస్తున్నవ్. తాళింపు పెడ్తున్నవా?"

రెండోసారి గోనెసంచి అడ్డం కట్టాను. పెంటంతా సంచికి పట్టేసి, నీళ్లు పోయే దారి లేక, డ్రమ్ము పొంగి నా గదిలోకొచ్చింది. ఆ రోజు జంగమ్మ తిట్టలేదు. రాయి మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అంది.

"గీ ఫోన్ల సూసుడు బందు వెట్టు. మా అవ్వ వాననీళ్లకు మూడు కుండలు మీద మీద పెట్టేది. బొగ్గు ఒకదాంట్ల, ఇసుక ఒకదాంట్ల, అడుగున తేట నీళ్లు. ముందుగాల ఒక గుంత తవ్వు. పెంటంతా అండ్ల దిగని. పైన తేరిన నీళ్లే డ్రమ్ముల్లకు పంపు."

అలా మొదలైంది. గుంత తవ్వాను. మొదటి డ్రమ్ములో గుండ్రాళ్లు, పైన గోనె. రెండోదాంట్లో కంకర, ఇసుక. మూడోదాంట్లో బొగ్గు. అక్కడ సర్కారు తుమ్మకు కొదవ లేదు, బొగ్గు బట్టీల దగ్గర రాలిన తునకలు ఆమే మూటకట్టి తెచ్చేది. రాతి మీద పెట్టి ఇద్దరం దంచేవాళ్లం.

"కడుగు. మల్ల కడుగు. లగ్గం బియ్యం కడిగినట్టు కడుగు."

"ఎన్నిసార్లు పెద్దమ్మా?"

"నీ మొకం కనిపించేదాక!"

పన్నెండో రోజున ఆమే అడిగింది, "చాయ్ ఏదిరా?" అని. ఆ పూట కంగారులో చక్కెర రెండుసార్లు వేశాను. మర్నాటి నుంచి అరుగు మీద రెండు కప్పులు.

నెల తిరిగేసరికి మూడో డ్రమ్ము కింది గొట్టంలోంచి నీళ్లు పలచగా, వాసన చచ్చి, దారంలా జారాయి. మనం తాగేవి కావు కానీ, గడ్డి తడపడానికీ ఒర్రెలో కలవడానికీ భయం లేని నీళ్లు. జంగమ్మ మేకల్ని వదిలింది. అవి మూతి పెట్టాయి, తాగాయి, ఇంకా తాగాయి.

"బతికినవ్ పో" అని నా వీపు మీద ఒక్కటి చరిచి వెళ్లింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మేకలు మాత్రం కింద ఒర్రెలో తాగి పోతున్నాయి, తోలుకొచ్చేవాళ్లు ఎవరో వేరేవాళ్లు. నేను రెండు కప్పులూ పెట్టి, రెండూ నేనే తాగేవాణ్ణి. ఏడో రోజుకు నాకు అర్థమైపోయింది. ఆమె నా కోసం రాలేదు, నీళ్ల కోసం వచ్చింది. నీళ్లు బాగయ్యాయి, ఇంక నాతో ఏం పని? సెల్‌ఫోన్ అమ్మాయి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆమెకు ఒర్రె సంగతి చెప్పబోయాను. ఆమె ఒకటి నొక్కమంది.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. ఇక్కడ తెప్పే తనంతట తాను అగ్గిపెట్టె వెతుక్కుంది. పదో రోజు పొద్దున్నే లేచి మూడో డ్రమ్ములోని బొగ్గంతా తీసి గోనె మీద కుప్ప పోశాను. మొదటి డ్రమ్ము గోనె కూడా వదులు చేశాను. నా ఉద్దేశం పెద్దది కాదు. నీళ్లు కొంచెం, ఒక్క తిట్టుకు సరిపడేంత పాడైతే చాలు. ఆమె వస్తుంది, అరుస్తుంది, ఇద్దరం కూర్చుని మళ్లీ బొగ్గు కడుగుతాం.

నాకు తెలియంది ఏమిటంటే, నెలరోజులుగా గోనె మీద పట్టిన పెంట అది వదులవడం కోసమే కాచుకుని ఉంది. ఒక్కసారిగా జారి ఇసుకను కూడా ముంచేసింది. గొట్టంలోంచి వచ్చినదాన్ని నీళ్లు అనడం నీళ్లను అవమానించడమే.

సరే, ఇంకా మంచిదే అనుకున్నాను. స్నానం చేశాను. తల దువ్వుకున్నాను. రెండు కప్పుల చాయ్ పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

జంగమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. ఆమె వెనక సర్పంచ్, ఆయన వెనక పది పన్నెండు మంది ఊరివాళ్లు. ఆమె చేతిలో తాడు, తాడు చివర తెల్ల మేక. చేయి ఊపుతూ, గొంతు చించుకుంటూ చెబుతోంది.

"సూడుండ్రి, మీ కండ్లతోనే సూడుండ్రి! ఫారం ఎత్తెయ్యాలె అని కాయిదం మీద సంతకాలు చేసిండ్రు గద? మా పందుల పిల్లగాడు ఏం జేసిండో సూసి మాట్లాడుండ్రి. నా మ్యాక అబద్దం ఆడది!"

నా చేతిలో కప్పు ఒరిగి చాయ్ ఒళ్లో పడింది. కాలిందో లేదో కూడా తెలియలేదు. ఊరంతా నా పందుల ఫారం తీసేయించాలని కాగితం రాసిందట. ఈమె ఆ పది రోజులూ, మేకల్ని ఇంకొకరికి అప్పగించి, ఇంటింటికీ తిరిగి, "ఒక్కపారి వచ్చి సూడుండ్రి" అని బతిమాలిందట.

"పెద్దమ్మా, ఇయ్యాల వద్దు..." అన్నాను.

"సిగ్గువడకురా!" అని మేకను వదిలింది.

మేక గొట్టం దగ్గరికి నడిచింది. వంగింది. వాసన చూసింది. తల పైకెత్తి, సర్పంచ్ వైపు తిరిగి, తుమ్మింది. ఒకటి కాదు, మూడు తుమ్ములు. తర్వాత గిర్రున తిరిగి నేరుగా అరుగెక్కి రెండో కప్పులో మూతి పెట్టి చాయ్ తాగడం మొదలుపెట్టింది.

సర్పంచ్ ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"జంగమ్మా, గిదేనా నీ ఫిల్టరు?"

ఆమె గొట్టం దగ్గరికి నడిచింది. నల్లటి నీళ్లను చూసింది. ఖాళీ డ్రమ్మును చూసింది. గోనె మీద కుప్పగా ఉన్న బొగ్గును చూసింది.

"గా బొగ్గు ఎవడు తీసిండ్రా?"

"నేనే."

"ఎందుకు?"

అబద్ధాలు చాలా తోచాయి. కడగడానికి తీశానని చెబితే సరిపోయేది. కానీ పదిరోజులు నోరు విప్పనివాడి నోట్లోంచి నిజమే ముందు దూకుతుంది.

"నువ్వు వస్తలేవని."

ముందు సర్పంచ్ మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని, డ్రమ్ముకు ఆనుకుని, ఊరందరినీ కలుపుకుని నవ్వాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరైనా చేతులారా పని చెడగొట్టుకుంటే "బొగ్గు తీసినవా?" అంటారు. జంగమ్మ మాత్రం నవ్వలేదు.

"పదిరోజులు నీ కోసమే తిరిగిన్రా" అంది మెల్లగా. "నా ఇల్లు యాడ ఉందో ఎరికేనా నీకు?"

ఎరుక లేదు.

"ఇంట్ల ఎవరెవరున్నరో ఎరికేనా?"

అదీ లేదు. నెలరోజులు పక్కపక్కన కూర్చుని బొగ్గు దంచాం. నా కష్టాలన్నీ ఆమెకు చెప్పాను, నల్గొండ దుకాణం నుంచి మంగలి దాకా. ఆమెను ఒక్క మాట అడగలేదు. ఎవరూ లేరని ఏడ్చినవాణ్ణి, ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారైనా చూడలేదు. అప్పుడు పడ్డ సిగ్గు మేక తుమ్మిన సిగ్గు కన్నా పెద్దది.

సర్పంచ్ కళ్లు తుడుచుకుని, బొగ్గు మళ్లీ నింపి చూపించమని వారం గడువిచ్చాడు. కడిగాను. మళ్లీ కడిగాను. వారానికి అందరూ వచ్చారు, మేక తాగింది, కాగితం చిరిగింది.

ఆ సాయంత్రమే ఊళ్లోకి వెళ్లి, అడుగుతూ అడుగుతూ జంగమ్మ ఇల్లు పట్టుకున్నాను. సబ్బు మూడుసార్లు రుద్దుకుని వెళ్లాను. పాపం, ఆమెకు నేనొక్కణ్ణే దిక్కని ఏదో మూల అనుకుంటూ ఉండేవాణ్ణి. వాకిలి నిండా మనుషులు. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, మనవలు, ఒక ఆడబిడ్డ, ఎవరి చుట్టమో ఒక ముసలాయన. లెక్కపెట్టాను, పదమూడు మంది. నాకు ఆమె ఒక్కతే. ఆమెకు నేను పద్నాలుగోవాణ్ణి. అంతమందిని ఇంట్లో వదిలి రెండు కిలోమీటర్లు నడిచొచ్చి నన్ను తిట్టిపోయేది!

పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. జంగమ్మ రొట్టెలు కాలుస్తూ తలెత్తి చూసి, కాలితో పీట నా వైపు తోసింది.

"వాసనొస్తున్నవ్" అంది. "వస్తే రానీ, కూసో."

అందుకే ముప్పై పందుల సాక్షిగా, మూడు డ్రమ్ముల సాక్షిగా, కాలిన నా ఒడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మనిషి తోడు కావాలనిపిస్తే నీళ్లు పాడు చేయను. చెప్పులు వేసుకుని వాళ్లింటికే నడుస్తాను.