అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి

మా నాన్న సంఘ పెద్ద. నర్సీపట్నంలో మా చర్చి కమిటీలో ఏదైనా నచ్చకపోతే నోరు మెదిపేవాడు కాదు. ముంగిలా కూర్చుని ఇంటికొచ్చేసేవాడు. మర్నాడు పొద్దున్నే పాస్టరుగారు మా అరుగు మీద ప్రత్యక్షం. "ఏటండీ, నిన్న ఏటీ మాటాడ్నేదు?" అని అడిగి, నాన్న మనసులో ఉన్నది రాబట్టుకునే వెళ్ళేవారు. మాట్లాడలేదంటే ఒప్పుకోలేదనే మాకు లెక్క.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనక్కడే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రాలు నెట్ సెంటర్‌లో కూర్చుని, దేశదేశాల వాళ్ళు కలిసి ఉచితంగా రాస్తున్న ఒక ఓపెన్‌సోర్స్ డేటాబేసుకి, అంటే వివరాలు దాచే ప్రోగ్రాముకి, పని చేసేదాన్ని. అదేమిటో ఊళ్ళో ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. జీతం లేదంటే జాలిగా చూసేవారు. నా పని తెలిసినవాళ్ళంతా ఒకరు రాస్తే అందరికీ చేరే ఆ డేటాబేసు మెయిలింగ్ లిస్టులోనే ఉండేవారు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు.

ఒకసారి లిస్టులో, ఆ పనంతా నడిపించే పెద్దాయన ఒక ప్రతిపాదన పెట్టాడు. వివరాలు డిస్కు మీద పడకముందే "సేవ్ అయింది" అని చెప్పేద్దాం, వేగం పెరుగుతుంది అని. నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. ఆ క్షణంలోనే పోతే, సేవ్ అయిందని నమ్మినవాళ్ళ గతేం కాను? అప్పటికే ఒక చిన్న ఆసుపత్రికి రోగుల రిజిస్టరు ఈ డేటాబేసుతోనే చేసిచ్చాను. ఆ మాటే రాశాను. "మీ ఊరి కరెంటు కోసం అందరూ ఆగాలా?" అని ఒకడు జవాబిచ్చాడు. పెద్దాయన, "ఇంకా అభ్యంతరం ఉన్నవాళ్ళు శుక్రవారంలోగా చెప్పండి, లేకపోతే అందరూ ఒప్పుకున్నట్టే" అని రాశాడు.

నేను చెప్పేశాను కదా, మళ్ళీ ఏం చెప్పాలి? అలిగాను. మా నాన్న కూతుర్ని మరి! "ఏం, మాట్లాడటం లేదు?" అని ఎవరైనా అడుగుతారేమోనని రోజూ వెళ్ళి మెయిల్ తెరిచేదాన్ని. శుక్రవారం పెద్దాయన గడువు ఆదివారం దాకా పెంచాడు, ఎందుకో చెప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక కూడా వెళ్ళి చూశాను. నన్నెవరూ అడగలేదు. ఎంత ఏడుపొచ్చిందో! సోమవారం ఆ పద్ధతి ఖాయమైపోయింది.

అప్పుడు రాశాను, "నేను ఒప్పుకోలేదు" అని. పది నిమిషాల్లో పెద్దాయన జవాబు వచ్చింది.

"ఆ వెటకారం తర్వాత మీరు మాట్లాడకపోయేసరికి, మాట వెనక్కి తీసుకున్నారనుకున్నాం. అయినా నాకు అనుమానంగానే ఉండి, మీకోసమే గడువు పెంచాను. ఇంకో ఇద్దరు మీ పక్షానే ఉన్నారు. మీరు ఒక్క ముక్క రాస్తే గొంతు కలుపుదామని ఎదురుచూశారు."

మూడుసార్లు చదివాను. నెట్ సెంటరాయన వెనకనుంచి, "టైమైపోనాది మేడమ్, ఇంకో అరగంట ఎయ్యమంటారా?" అన్నాడు. వద్దండీ అన్నాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెబితే అర్థం చేసుకునేవాళ్ళు నాకు ఈ భూమ్మీద ఆ లిస్టులోనే ఉన్నారు. ఆదివారం దాకా నా మాట కోసం ఎదురుచూసింది కూడా వాళ్ళే.