కూకోమని ఆర్డరు

మా బావకి రెండు కాళ్ళు. ఒకటి దేవుడిచ్చింది, రెండోది సర్కారిచ్చింది. దేవుడిచ్చిన కాలు నోరెత్తకుండా తన పని తాను చేసుకుపోయేది. సర్కారు కాలు మాత్రం సర్కారు వస్తువులన్నింటిలాగే పని తక్కువ, చప్పుడు ఎక్కువ. పొద్దున్నే ఆయన మిల్లుకి బయల్దేరితే ఆ టకటకకి చీపురుపల్లి స్టేషను మాస్టరు పాసింజరు వచ్చేసిందనుకుని పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేవాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనే. కానీ ఊరంతా చెప్పుకున్నమాట మాత్రం నిజం.

ఇది అరవైల చివరి సంగతి. బావంటే మా అక్క మొగుడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఉత్తరాన మంచుకొండల్లో జరిగిన యుద్ధంలో ఎడమకాలికి తూటా తగిలింది. తగిలిన చోట మంచు పట్టింది. మంచు పట్టిన చోట కత్తి పడింది. మోకాలి కిందనుంచి కాలు అక్కడే వదిలేసి, దానికి బదులుగా ఒక కొయ్యకాలు, నల్లటి ట్రంకుపెట్టె, నెల మొదటివారంలోనే ఆవిరైపోయే పింఛనీ, ఒక మీసం తెచ్చుకున్నాడు. ఆ మీసం కుడికొన శ్రీకాకుళంలో ఉంటే ఎడంకొన విజయనగరంలో ఉండేది. బావ తుమ్మితే రెండు ఊళ్ళలోనూ గాలి వీచేది.

పింఛనీ చాలక జూట్ మిల్లులో చేరాడు. చేరిన తీరు కూడా చెప్పాలి. ఇంటర్వ్యూకి పొడుగు ప్యాంటు వేసుకుని వెళ్ళి, సూపర్‌వైజరు ముందు ఎంత నిటారుగా నిలబడ్డాడంటే, ఆయన ఈ మనిషిని మగ్గం దగ్గర కాకుండా గోడకి ఆనించి పెడితే మిల్లు కూలకుండా ఉంటుందని అనుకున్నాడట. కొయ్యకాలి సంగతి ఆయనకి తెలిసేసరికి ఒక వర్షాకాలం గడిచిపోయింది. అప్పటికి మా బావ మగ్గం దగ్గర అందరికన్నా ఎక్కువ గోనెగుడ్డ నేస్తున్నాడు కాబట్టి ఆయన కూడా ఊరుకున్నాడు.

మగ్గం పనంటే పొద్దస్తమానం నిలబడే ఉండాలి. వెళ్ళేటప్పుడు రైల్లో నిలబడి, మిల్లులో నిలబడి, వచ్చేటప్పుడు రైల్లో మళ్ళీ నిలబడి వచ్చేవాడు. ఎవరైనా పాపమని చోటిస్తే "ఫర్వాలేదు బాబూ, నాకు అలవాటే" అని ఇంకాస్త బిగుసుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక గానీ ఆ కాలు తీసేవాడు కాదు. తలుపు అవతల ఏముందో అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే: అక్క బయటికొచ్చేటప్పుడు చేతిలో ఉన్న పాతగుడ్డని నాకు కనబడకుండా కొంగు చాటున పట్టుకునేది.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక మా వీధి కాంపౌండరు మోకాలి కింద మొండి చూసి, అక్కతో మెల్లిగా అన్నాడు.

"ఈ ఎండాకాలం కూడా ఇలగే నిలబడితే మోకాలు దక్కదమ్మా. పుండు లోపలికి పోతన్నాది."

ఆ రోజే అక్క తీర్మానం చేసింది. అక్క తీర్మానం చేసిందంటే కలెక్టరు సంతకం చేసినట్టే. బావ మిల్లు మానేస్తాడు. కూర్చుని చేసే పని చేస్తాడు. శృంగవరపుకోటలో ఒక కోమటి షావుకారు గోళీసోడా మిషను అమ్ముతున్నాడు. చక్రం తిప్పడానికి చేతులు చాలు, కాళ్ళతో పనిలేదు. స్టేషను ఎదురుగా బడ్డీ పెడితే ఎండాకాలమంతా బళ్ళు దిగినవాళ్ళు నాలుకలు చాచుకుని వస్తారు. షావుకారు మాత్రం ఒక మాట చెప్పాడు. "ఉగాది దాకా ఆగుతాను. ఆనక పాతపట్నం నుంచి వచ్చిన బేరగాడికి ఇచ్చేస్తాను."

సొమ్ము ఎక్కడిదంటే, బావదే. మిల్లులో నెలనెలా జీతంలో కోసి ముసలితనం కోసం దాచే ప్రావిడెంటు ఫండు ఉంది కదా, అది. కానీ దాన్ని ముట్టుకోవాలంటే ముసలివాడవ్వాలి. లేదా ఊరికే మానేస్తే నెలల తరబడి కాచుకుని, మిల్లు వేసిన వాటాలో కోత పెట్టించుకుని మిగిలింది తెచ్చుకోవాలి. మిల్లు గుమాస్తా చెవిలో చెప్పినట్టు చెప్పిన మూడో దారి ఒకటుంది. పెద్దాసుపత్రి డాక్టరు పరీక్ష చేసి, ఈ మనిషి ఇక ఆ పని చెయ్యలేడని రాసిస్తే మొత్తం సొమ్మూ బేగి వస్తుంది.

ఒంటికాలి మనిషికి అది రాయించుకోవడం ఎంతసేపు అనుకున్నాం. మా తెలివికి ఆ రోజు దిష్టి తియ్యాల్సింది.

పెద్ద ఆఫీసరు ముందుకి వెళ్ళేటప్పుడు మర్యాదగా వెళ్ళాలన్నది మా వీధి రాజ్యాంగం. చాకలి, బావ ఖాకీ బట్టలకి గంజి ఎంత పెట్టాడంటే ప్యాంటు బావ లేకుండానే దండెం దగ్గరనుంచి నడిచొచ్చింది. మంగలి మీసం దువ్వాడు. నేను చింతపండుతో పతకాలు తోమాను. మా పక్కింటి పెద్దమ్మ కొయ్యకాలికి కొబ్బరినూనె రాసి, రాసి, దాంట్లో మొహం చూసుకుని బొట్టు పెట్టుకుంది. కొబ్బరికాయ కొట్టి సాగనంపాం. అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు, ఈ మనిషి వెళ్ళేది తాను పనికిరానని చెప్పుకోవడానికని.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరుగారు తలెత్తి చూసి, "నిలబడు" అన్నారు.

కూర్చోబోతున్న బావ ఒక్కసారి అటెన్షన్‌లోకి వచ్చాడు. కొయ్యకాలు గచ్చు మీద పడ్డ దెబ్బకి గదిలో సీసాలు గలగల్లాడాయి. బయట ప్యూను ఎవరో పడిపోయారనుకుని స్ట్రెచరు తెచ్చాడు.

"నడువు."

బావ నడవలేదు, కవాతు చేశాడు. గోడదాకా వెళ్ళి, గిర్రున తిరిగి, మళ్ళీ వచ్చాడు.

"ఎక్కువసేపు నిలబడగలవా?"

"ఆర్డరిస్తే రేపటిదాకా సార్!"

"నొప్పేమైనా ఉంటుందా?"

"నొప్పా? లేద్సార్!"

నేను వెనకనుంచి చొక్కా లాగాను. గంజి పెట్టిన చొక్కా కదా, కదల్లేదు. డాక్టరుగారు మెచ్చుకోలుగా తలూపి, పని చెయ్యడానికి అన్ని విధాలా అర్హుడని రాసేశారు. పైగా "నీలాంటి వాళ్ళు కావాలి దేశానికి" అన్నారు. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళల్లోనూ తిరిగాయి, కారణం వేరు.

ఇంటికొచ్చాక అక్క మమ్మల్నిద్దర్నీ గుమ్మంలోనే ఆపింది.

"ఏటయ్యా, పెళ్ళిసూపులకెళ్ళినావా? డాట్రుగోరికి నచ్చినావా? ముహూర్తం ఎట్టీసుకున్నారా?"

"అది కాదే..." అన్నాడు బావ.

"ఒరే తమ్ముడూ, నువ్వేటి సేసినావురా? నోట్లో నిమ్మసోడా గోళీ అడ్డం పడినాదా?"

"చొక్కా లాగేనే అక్కా..."

"సొక్కా లాగినాడంట! మీసం లాగలేకపోయినావా?"

ఆ తరవాత వారం రోజులు మా ఇంట్లో డ్రామా రిహార్సలు నడిచింది. దర్శకురాలు అక్క, డాక్టరు వేషం నాది. నేను బల్ల దగ్గర కూర్చుని "నొప్పుందా?" అని అడగాలి. బావ "ఉంది" అనాలి. అంతే నాటకం. కానీ నేను గొంతు సవరించుకోవడమే ఆలస్యం, బావ వెన్ను నిటారుగా అయిపోయేది. "లేద్సార్!" అని కేక వచ్చేది. వీధిలో కుక్కలు సర్దుకుని నిలబడేవి.

చివరికి బావే చాప మీద చతికిలబడి, మీసం తడుముకుంటూ అన్నాడు. "నా వల్ల కాదే. మిలట్రీలో డాట్రు ముందర నొప్పని అన్నోడిని ఎనక్కి పంపీసేవోరు. ఎనక్కెళ్తే తోటోళ్ళకి మొకం ఎలగ సూపిస్తాం? ఆ మాట నా నోట్లోంచి రాదు. ఇంక కుంటినట్టు అబద్ధం నటించమంటావా, సచ్చినా సెయ్యను."

అక్క నవ్వలేదు. ఆయన పక్కన కూర్చుంది.

"అబద్ధం ఎవులాడమన్నారు నిన్ను? ఇన్నేళ్ళనించీ నువ్వాడతన్నదే అబద్ధం. తలుపేసుకుని నాకు సూపిస్తావు సూడు, అదే నిజం. అది సెప్పమంటన్నాను."

ఆ ఇంట్లో నాకు తెలిసి అదే మొదటిసారి, బావ కొయ్యకాలు లేకుండా నా ఎదుట కూర్చోవడం. అది గోడకి ఆనించి ఉంది, బొట్టు పెట్టుకునేంత నున్నగా. నేను ఏదో హాస్యం ఆడదామనుకున్నాను. నా జీవితంలో మాట తట్టని సందర్భాలు తక్కువ. అదొకటి.

మర్నాడు నేను మిల్లు గుమాస్తా చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడికి ఆయనకే కళ్ళు తిరిగి, రెండోసారి పరీక్షకి అర్జీ పెట్టించాడు. ఉగాది దగ్గర పడుతోంది. శృంగవరపుకోట నుంచి షావుకారు కబురు: పాతపట్నం వాడు బండి కట్టుకుని వచ్చేస్తానంటున్నాడు.

ఈసారి గంజి లేదు, పతకాల్లేవు, కొబ్బరికాయ లేదు. పక్కింటి పెద్దమ్మ నూనెగిన్నెతో వస్తే అక్క గడప అవతలే ఆపేసింది. ముగ్గురం రైలెక్కాం. అక్క జీవితంలో ఆసుపత్రి మెట్లెక్కడం అదే మొదలు, కానీ ఆసుపత్రి తన పుట్టిల్లయినట్టు నడిచింది. ప్యూను "ఆడవాళ్ళు లోపలికి రాకూడదు" అన్నాడు. అక్క వాడివైపు చూసింది. వాడు తలుపు తీసి పట్టుకున్నాడు.

డాక్టరుగారు బావని గుర్తుపట్టారు. "మళ్ళీ ఏమిటోయ్?" అన్నారు. ఆ 'ఓయ్' చాలు. బావ భుజాలు వెనక్కి వెళ్ళాయి, గడ్డం పైకి లేచింది, కొయ్యకాలు దెబ్బ వెయ్యడానికి గాల్లోకి లేచింది. అయిపోయింది, మిషను పాతపట్నం వెళ్ళిపోయింది అనుకున్నాను.

"కూకో!" అంది అక్క.

అది మామూలుగా అన్న మాట కాదు. కవాతు మైదానంలో ఆ చివరనుంచి ఈ చివరకి వినబడేట్టు అంది. విజయనగరం కోటలో కాపలావాడు కూడా ఎక్కడో అక్కడ కూర్చునే ఉంటాడు. కాలు గాల్లో ఉండగానే బావ ఠక్కున బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరుగారు కూడా, నిలబడబోతున్నవారు, కూర్చుండిపోయారు.

"కాలు తీ."

బావ అక్కవైపు చూశాడు. అక్క రెప్ప వెయ్యలేదు. ఆయన వంగి తోలు పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. కొయ్యకాలు పక్కన పెట్టాడు. దాని లోపల గుడ్డ తడిసి ఉంది. ఆ తరవాత ఉన్నదాన్ని నేను వర్ణించను. నేను దేన్నైనా పెంచి చెప్పగలను గానీ, దాన్ని పెంచే అవసరం లేకపోయింది.

"ఇప్పుడు సెప్పు. నిలబడితే నొప్పుంటాదా?"

బావ మీసం వణికింది. ఎదురుగా గోడవైపు చూస్తూ, సిపాయి తన నంబరు చెప్పినట్టు చెప్పాడు.

"ఉంటాది."

"ఎప్పుడు?" అంది అక్క.

"రోజూ ఉంటాది. రైల్లో ఉంటాది. మగ్గం కాడ ఉంటాది. రేత్రి తొంగున్నా ఉంటాది." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "ఆరేళ్ళనించీ ఉన్నాది సార్."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వంగి, వేళ్ళతో మెల్లిగా ముట్టి చూశారు. ఆయన అడిగిన ప్రతిదానికీ బావ ముందు అక్కవైపు చూసి, అక్క తలూపాక నిజం చెప్పాడు. చివరికి ఆయన కలం తీసుకుని, నిలబడి మగ్గం నడిపే పనికి ఈయన శాశ్వతంగా పనికిరాడని రాశారు. రాసింది అక్క చేతికే ఇస్తూ, "అమ్మా, మీరు ఏ రెజిమెంటు?" అన్నారు.

"నాది ఇంటి రెజిమెంటు బాబూ. పింఛనీ లేదు" అంది అక్క.

ఆ కాగితం పట్టుకుని నేరుగా శృంగవరపుకోట వెళ్ళాం. పాతపట్నం బేరగాడు అప్పటికే అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. అక్క కాగితం చూపించి, సొమ్ము చేతికి రాగానే ఇస్తామని చెప్పి, షావుకారు జవాబు కోసం ఆగకుండా మిషను చక్రం మీద చెయ్యేసి నిలబడింది. షావుకారు బేరగాడివైపు చూశాడు, అక్కవైపు చూశాడు. "నీ దగ్గర సొమ్మున్నాది గానీ, ఆ చెయ్యి మిషను మీంచి తియ్యడం నా వల్ల కాదు బాబూ" అన్నాడు బేరగాడితో. సొమ్ము ఎండాకాలం మొదట్లోనే వచ్చింది. షావుకారిది షావుకారికి చేరింది.

బడ్డీలో బావకి ఎత్తుపీట వేశాం. కొయ్యకాలు తీసి పక్కన మేకుకి తగిలించుకునేవాడు, అందరికీ కనబడేట్టే. చక్రం గిరగిర తిప్పుతుంటే సీసాలు లోపల పల్టీలు కొట్టేవి. గోళీ కొట్టిన చప్పుడుకి ప్లాట్‌ఫారం మీద నిద్రపోయేవాళ్ళు లేచి తమ బండి వెళ్ళిపోయిందేమోనని ఏడ్చేవారు. పుండు మెల్లిగా ఆరింది. మోకాలు దక్కింది.

ఒకరోజు మధ్యాహ్నం పాసింజరు దిగి మిల్లు సూపర్‌వైజరు బడ్డీ దగ్గరికి వచ్చాడు. ఆరేళ్ళపాటు బావ చేత పొద్దునా సాయంత్రమూ సెల్యూట్ కొట్టించుకున్న మనిషి. ఆయన్ని చూడగానే బావ రెండు చేతులూ పీట అంచుని పట్టుకున్నాయి. వెన్ను లేవబోయింది.

వెనక సీసాలు కడుగుతున్న అక్క ఏమీ అనలేదు. కడగడం మాత్రం ఆపింది.

బావ చేతులు పీటని వదిలాయి. మళ్ళీ చక్రం మీదికి వెళ్ళాయి.

"ఏంటి, పని చెయ్యలేవని రాయించుకుని ఇక్కడ చక్రం తిప్పుతున్నావా?" అన్నాడు సూపర్‌వైజరు నవ్వుతూ.

"నిలబడి సెయ్యలేనని రాసినారు సారూ. కూకుని సేస్తన్నాను" అన్నాడు బావ, కూర్చునే. "ఏటి కొట్టమంటారు, నిమ్మసోడానా, ఉత్తి సోడానా?"