ముప్పై నాలుగు మార్కుల పద్మనాభయ్య సారు

మా పద్మనాభయ్య సారు దేన్నీ పాస్ చెయ్యడు. ముప్పై ఏళ్ళు పదో తరగతి పేపర్లు దిద్ది రిటైరయ్యాడు గానీ, జేబులో ఎర్రపెన్ను మాత్రం రిటైర్ కాలేదు. జమ్మలమడుగులో ఆయన కంటపడ్డ ప్రతిదానికీ మార్కులు పడాల్సిందే. ముప్పై ఐదు వస్తే పాసు. ఆయన వేసేది ముప్పై నాలుగు.

ప్రొద్దుటూరులో దోసె తిని, బిల్లు వెనక ముప్పై నాలుగు వేసి, "కారం బాగుంది, అంచుల్లో శ్రద్ధ లేదు" అని రాసి సర్వరు చేతిలో పెట్టాడు. పులివెందులలో మేనకోడలు సంహిత పెళ్ళికి పోయి, పెళ్ళికొడుకును ఎగాదిగా చూసి ముప్పై నాలుగేశాడు. ఆ పిల్ల ఏడుపుముఖం పెడితే, సప్లిమెంటరీలో గట్టెక్కుతాడులే అని ఓదార్చాడు. ముద్దనూరు స్టేషన్‌కు ఒకరోజు రైలు సరిగ్గా టైముకొచ్చింది. దానికీ అంతే. ఏం సార్ అంటే, కాపీ కొట్టి ఉంటుందన్నాడు.

అందరికంటే ఎక్కువసార్లు ఫెయిలైంది దిల్షాద్‌బీ. ఆమె మా వీధి చివర అరుగు మీద పీట వేసుకుని పొగాకు చుట్టలు చుట్టి అమ్ముతుంది. ప్రతి ఆదివారం సారు ఇరవై చుట్టల కట్ట కొని తెస్తాడు. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టి నొక్కి, వాసన చూసి, చివరికి ఒకటి నాకిచ్చి వెలిగించమంటాడు. నేను ఎదురింటివాణ్ణి, పైగా ఆయన దగ్గర పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి. కాదనే ధైర్యం యాభై ఏళ్ళొచ్చినా రాలేదు. నేను పొగ పీలుస్తుంటే ఆయన నా ముఖం చూసి మార్కులేస్తాడు. బూడిద రాలకముందే స్కేలు పెట్టి కొలుస్తాడు.

"రేయ్ శివా, మధ్యలో దగ్గితివి. ఒక మార్కు కట్."

నా దగ్గుకు ఆమె మార్కు ఎందుకు పోవాలో నాకీరోజుకూ అర్థం కాలేదు. ముప్పై నాలుగు వచ్చిందనీ, వచ్చే ఆదివారం సప్లిమెంటరీ అనీ కబురు మోసుకుపోయేది కూడా నేనే. ఆమె తిట్లు తినేదీ నేనే.

ఇట్లా ఆరేళ్ళు నడిచింది. ఈలోగా చుట్ట తాగేవాళ్ళు తగ్గిపోయి దిల్షాద్‌బీ వ్యాపారం చతికిలపడింది. అప్పుడు గండికోట దారిలో కొత్తగా పెట్టిన రిసార్టు మేనేజరు శరత్ వచ్చాడు. అతని దగ్గర ఖరీదైన విదేశీ సిగారు ఉంది. మరీ మెత్తనా కాదు, మరీ ఘాటూ కాదు, మధ్యరకం. దీనికి సరితూగితే నెలనెలా మీ చుట్టలే కొంటామన్నాడు. కాకపోతే, చుట్టల సంగతి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి పరీక్షించి, మార్కులేసి సంతకం చెయ్యాలట. అట్లాంటివాళ్ళు ఎవరని అడిగితే, వీధి వీధంతా తలొంచుకుని సారు ఇల్లు చూపించింది.

దిల్షాద్‌బీ నన్ను పిలిచింది.

"ఈ ఆర్డరు రాకుంటే పీట ఎత్తేసి చక్రాయపేటలో తమ్మునింటికి పోతా శివప్పా. సారుకు చెప్పు. ఒక్క మార్కు. ఆయన ఆస్తేం అడగల్యా నేను."

చెప్పాను. రికమెండేషన్ తెచ్చినందుకు నాకు ఐదు మార్కులు కోశాడు.

పరీక్ష రోజు సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. శరత్, దిల్షాద్‌బీ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. ట్రంకుపెట్టెలో స్కేలు తెమ్మంటే లోపలికి పోయాను. పెట్టె తెరిస్తే పైదాకా చుట్టల కట్టలే. ఒక్కో కట్ట మీద తేదీ, ముప్పై నాలుగు. ప్రతి కట్టలో నేను తాగిన ఒక్కటే తక్కువ. నేను నోరు తెరిచి నిలబడితే, సారు భార్య లలితమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయన పొగ మానేసి ఆరేండ్లాయ శివా. డాక్టరు మానమన్న నెలలోనే ఆయమ్మ మొగుడు జమాల్ పోయినాడు. ఊరికే ఇస్తే ఆమె తీసుకోదు. అక్కరలేకుండా కొంటాండాడని తెలిస్తే అమ్మనే అమ్మదు. ఫెయిల్ చేస్తే మాత్రం రోషంతో మళ్ళా చుట్టి పెడ్తాది."

ఆరేళ్ళుగా మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గులో స్కేలు మరిచిపోయి బయటికొచ్చాను. దానికో మార్కు పోయింది, మళ్ళీ లోపలికి పోయి తెచ్చాను.

ఏది ఎవరిదో తెలియకూడదని సారు సిగారు మీది కాగితం పట్టీ పీకించి, రెండింటికీ ఒకటి, రెండు అని నంబర్లు వేయించాడు. విదేశీది జానెడుంది, మనది దాంట్లో సగం లేదు. చిన్నపిల్లోడైనా చెబుతాడు. సారు మాత్రం ఏమీ తెలియనట్టు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఒకటో నంబరు వెలిగించాను. శరత్ దాని అట్టపెట్టె మీది వివరాలు చదివాడు: దేవదారు చెక్క, మీగడ, తోలు రుచులట. తోలు రుచి వీళ్ళకెట్లా తెలుసు, ఎవరు తిని చెప్పినారని సారు నిలదీశాడు. నాకైతే కొత్త చెప్పుల అంగట్లో కూర్చున్నట్టుందని చెప్పాను. పొగ మెత్తగానే ఉంది, బూడిద కూడా బాగానే నిలిచింది. ముప్పై నాలుగు పడింది.

రెండోది వెలిగించాను. మొదట వేయించిన బొరుగుల వాసన, తర్వాత పాకం పడుతున్న బెల్లం, చివర్లో మిరియం కొరికినంత ఘాటు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. సారు బూడిద కొలిచి, మళ్ళీ కొలిచి, ఎర్రపెన్ను మూత తీసి వేశాడు. ఎనభై ఒకటి.

శరత్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే నెల నుంచే పంపమన్నాడు. దిల్షాద్‌బీకి ఆనందం కంటే భయమే ఎక్కువేసింది. సారుకు ఒంట్లో ఎట్లుందో కనుక్కోమని లలితమ్మకు రెండుసార్లు చెప్పి పోయింది.

ఆమె కష్టం తీరింది, నా దగ్గు తప్పింది అనుకున్నాను. ఆదివారం నేను ఆమె అరుగు మీద కూర్చుని ఉంటే సంచీ పట్టుకుని సారు వచ్చేశాడు.

"పాసయినా కదా సార్, ఇంకేంది?" అంది దిల్షాద్‌బీ.

"ఎనభై ఒకటీ ఒక మార్కులేనా? బెటర్‌మెంట్ రాయద్దా?"

కట్ట తీసుకుని పోయాడు. నాకు కడుపులో మాట ఆగలేదు. సారు చుట్ట మానేసి చాలా ఏళ్ళయిందని చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు.

"నాకెప్పుడో తెలుసులే శివప్పా. రిటైరయినంక సారుకు దిద్దేదానికి ఏముండాది? అందుకే ఆయన కట్టలో ఒకటి కావాలనే వదులుగా చుడతా. యాడుందో ఎతుక్కోని శానా సంతోషపడతాడు. మొన్న అవసరమొచ్చి సరిగ్గా చుడితిని, పాపం బెదిరిపోయినట్టుండాడు. ఈ వారం రెండు వదులుగా చుట్టినా."