చష్మా అన్న తుడిచేసిన ఫైలు

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు, కంప్యూటర్లంటే మాత్రం ఉండేది. ఉద్యోగంలో చేరిన రెండో నెలకే రెండూ తారుమారయ్యాయి. కాకినాడ నుంచి వచ్చి చాంద్రాయణగుట్టలో గది తీసుకుని, ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిరపకాయల గోదాము పైనున్న చిన్న యాప్‌ల ఆఫీసుకు రోజూ బస్సులో వెళ్ళేవాణ్ణి. మెట్లెక్కేసరికి పది తుమ్ములు వచ్చేవి. ఓనర్ని అందరూ పెద్ద భాయ్ అనేవారు. నాకిచ్చిన కుర్చీలో అంతకుముందు పనిచేసినాయన్ని, ఆయన కళ్ళజోడు వల్ల, చష్మా అన్న అనేవారట. "మంచోడు తమ్మీ, గుండెపోటొచ్చి పోయిండు," అని పక్క టేబుల్ టెస్టింగ్ అక్క చెప్పింది. (ఎక్కడ పోయాడో అడిగే ధైర్యం చాల్లేదు. కుర్చీ అంచు మీద కూర్చోవడం మాత్రం ఆ రోజే అలవాటైంది.)

నా పని కింది గోదాము సేఠ్ గారి యాప్. కాటా మీద బస్తా పెడితే బరువు ఫోనులో కనిపించాలి. రెండు రకాల ఫోన్లకీ కలిపి యాప్ ఒక్కసారే రాస్తాం గాని, కాటాతో మాట్లాడే ముక్కను మాత్రం ఏ ఫోనుకి ఆ ఫోను భాషలో విడిగా రాయాలి. దాన్నే ప్లగిన్ అంటాం. చష్మా అన్న రాసిన ప్లగిన్ పాత కాటాకి బాగానే పనిచేసిందట. సేఠ్ కొత్త కాటా కొన్నాక, ఎంత పెద్ద బస్తా పెట్టినా సున్నా చూపిస్తోంది. "శనివారం సేఠ్ చూడనీకి వస్తడు. గా లోపల కాకపోతే నువ్వు వేరే నౌకరీ చూస్కో," అన్నాడు పెద్ద భాయ్. మా నాన్నగారేమో కొడుకు సాఫ్ట్‌వేరని అప్పటికే వీధంతా చెప్పుకున్నారు.

మంగళవారం ఆ ఫైలు పట్టుకుని నాలుగు లైన్లు మార్చాను. బరువు వచ్చింది. బుధవారం పొద్దున కంప్యూటర్ వేయగానే తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని, తెల్ల అక్షరాలేవో గబగబా పరిగెత్తి, దానంతటదే మూసుకుపోయింది. రోజూ వచ్చేదే, అంతవరకు పట్టించుకోలేదు. ఫైలు తెరిచి చూద్దును కదా, నా లైన్లు లేవు. అన్న లైన్లే ఉన్నాయి, కామా కూడా పక్కకి జరగకుండా. మళ్ళీ రాశాను. గురువారం మళ్ళీ నల్ల కిటికీ, మళ్ళీ అన్న లైన్లు. ఫ్యాను ఆగితే కుర్చీ కిర్రుమనేది (నేను కదలకుండానే, ఒట్టు). ఎవరికైనా చెబుదామంటే, రాసిన నాలుగు లైన్లు కాపాడుకోలేనివాడికి ఉద్యోగమెందుకంటారని భయం. రెండు టీలు తెప్పించి, ఒకటి టేబుల్ అవతలివైపు పెట్టి, "అన్నగారూ, మీ ఫైలు ముట్టుకున్నందుకు ఏమీ అనుకోకండి, ఈ ఉద్యోగం నాకు చాలా అవసరమండి," అని గొణిగాను. టీ మీద మీగడ కట్టింది.

గురువారాలు మా బజార్లో కొట్టుకొట్టుకూ లోబాన్, అంటే సాంబ్రాణి, పొగ వేసే బాబా వస్తాడు. ఆయన్ని బతిమాలి మెట్లెక్కించి, దుకాణానికి కాదు, ఈ కంప్యూటర్‌కి అని వచ్చీరాని ఉర్దూలో చెప్పుకున్నాను. ఆయన సీపీయూ వెనక సందులో కూడా పొగ పట్టి, నెమలీకల కట్టతో కీబోర్డు తట్టి, "ఫికర్ నక్కో కరో బేటా," అని బెంగపడొద్దన్నాడు. ఆ ధైర్యంతో నాలుగు లైన్లూ మళ్ళీ రాశాను. శుక్రవారం ఆఫీసుకు సెలవు.

శనివారం నేను వచ్చేసరికే సేఠ్ కూర్చుని ఉన్నాడు. కింద బస్తా కాటా మీద సిద్ధంగా ఉంది. కంప్యూటర్ వేశాను. నల్ల కిటికీ తెరుచుకుంది, మూసుకుంది. దేవుడి మీద భారం వేసి సేఠ్ ఫోనులో యాప్ ఎక్కించాను. కిందికెళ్ళి చూస్తే సున్నా. పైకొచ్చి కుర్చీ అంచు మీద కూలబడ్డాను.

"ఏంది తమ్మీ, ముఖం గట్ల పెట్టినవ్?" అంది టెస్టింగ్ అక్క.

"చష్మా అన్నగారు తుడిచేస్తున్నారండి," అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

అక్క నవ్వలేదు. తెర వైపు చూసింది. "నిజమే, అన్ననే తుడుస్తుండు. నువ్వు రాస్తున్నది నకలు ఫైల్ల. అసల్ ఫైలు ప్లగిన్ ఫోల్డర్ల ఉంటది, ఆడికెళ్లి ఈడికి నకలు దిగుతది. కంప్యూటర్ ఆన్ చేస్తే పాత నకలంత తీసి కొత్తది దించెతట్టు అన్న ఒక ప్రోగ్రాం పెట్టిండు. మనిషి పోయిండు గని, అది నడుస్తనే ఉన్నది."

ప్లగిన్ ఫోల్డర్ తెరిచాను. అసలు ఫైలు పక్కనే చిన్న చీటీ ఫైలు ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో మన తెలుగు: 'నా తర్వాత వచ్చే తమ్మీకి. ఈడి దాంక వచ్చినవంటే నీకు సమజైనట్టే. ఇగ మంచిగ రాయి.' మెడ మీద వెంట్రుకలు లేచాయి, అదే సమయంలో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. నాలుగు లైన్లు అక్కడ రాసి, అప్పటికి నకలు చేత్తోనే దించి, యాప్ మళ్ళీ ఎక్కించాను. సేఠ్ ఫోనులో బరువు కనిపించింది, నా ఉద్యోగం నిలిచింది.

ఆదివారం పొద్దున నల్ల కిటికీ తెరుచుకుంటే కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే, అన్న లైన్ల మధ్య నా నాలుగు లైన్లూ దిగి ఉన్నాయి. ఎవరూ వినడం లేదని చూసుకుని, "థాంక్సండీ," అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పిరికి కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ ప్రోగ్రాం తీసెయ్యమని పెద్ద భాయ్ ఎన్నిసార్లు చెప్పినా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను. పోయిన మనిషి రోజూ పొద్దున్నే వచ్చి నా రాత కూడా తన రాతతో కలిపి దించి వెళ్తుంటే, రావద్దని ఎలా చెప్పను?